పట్టర్ కొనేముందు స్ట్రోక్ చూసుకోవాలి

సంపాదకులు గారికి,
నమస్కారం.

మన పత్రికల్లో గోల్ఫ్ గురించి వచ్చేదే తక్కువ. వచ్చినా ఎవరు గెలిచారు, ఎన్ని అండర్ కొట్టారు అన్నదానితో సరిపెడతారు. ముడసర్లోవలో ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్ ఉన్న ఊరు మన విశాఖ. నేవీ వాళ్లు, పోర్టు, స్టీల్‌ప్లాంటు ఉద్యోగులు, రిటైరైనవాళ్లు, ఈమధ్య ఐటీ కుర్రాళ్లు కూడా ఆడుతున్నారు. దూరం కొట్టే కర్ర డ్రైవర్ కొనాలంటే పదిమందిని అడుగుతారు. గ్రీన్ మీద, అంటే హోల్ చుట్టూ పొట్టిగా కత్తిరించిన గడ్డి మీద, బంతిని హోల్‌లోకి దొర్లించే పట్టర్ దగ్గరికొచ్చేసరికి మాత్రం చూడ్డానికి బాగుందనో, టీవీలో ఫలానా ఆటగాడి చేతిలో ఉందనో కొనేస్తారు. లేదంటే అమెరికాలో ఉన్న అబ్బాయి సూట్‌కేసులో తెచ్చిందే దిక్కు. పార్ 72, అంటే 72 దెబ్బల్లో (స్ట్రోకుల్లో) ముగించాల్సిన 18 హోల్‌ల కోర్సులో హోల్‌కి రెండు చొప్పున 36 స్ట్రోకులు పట్టింగ్ కోసమే లెక్కగట్టి ఉంటాయి. సగం ఆట ఆడే కర్రను కళ్లు మూసుకుని కొంటున్నామన్నమాట. అందుకే ఈ ఉత్తరం.

పట్టర్ ఎలాంటిదో తెలుసుకోవడానికి చూపుడువేలు చాలు. పట్టర్ తలకు, అంటే బంతిని కొట్టే కింది భాగానికి, జానెడు పైన షాఫ్ట్‌ను చూపుడువేలి మీద అడ్డంగా నిలబెట్టి వదిలేయండి. కొన్నింటి ముఖం, అంటే బంతికి తగిలే వైపు, నేరుగా ఆకాశం వైపు తిరిగి ఆగుతుంది. అవి ఫేస్ బ్యాలెన్స్‌డ్ పట్టర్లు. కొన్నింటి టో, అంటే షాఫ్ట్‌కు దూరంగా ఉండే కొస, కిందికి వాలుతుంది. దాన్ని టో హ్యాంగ్ అంటారు. ఎంత వాలిందన్నది గడియారం లెక్కలో చెప్పుకుంటారు. టో 3 గంటల దగ్గర ఆగితే ఫేస్ బ్యాలెన్స్‌డ్, నాలుగున్నర దగ్గరైతే మధ్యరకం, 6 గంటల వైపు నిలువునా వేలాడితే బాగా ఎక్కువ. తల బరువు కేంద్రం షాఫ్ట్ గీత నుంచి ఎంత పక్కకు జరిగి ఉంటే అంత వాలుతుంది. అది ఎంత జరగాలో ముఖ్యంగా తేల్చేది షాఫ్ట్‌ను తలకు కలిపే మెడ, అంటే హోజెల్.

షాపుల్లో తరచూ వినిపించే మాట ఒకటుంది: స్ట్రోక్, అంటే పట్టర్ ఊపే దారి, వంపుగా ఉన్నవాళ్లకు సన్నటి తల ఉన్న బ్లేడ్, నేరుగా ఉన్నవాళ్లకు పెద్ద తల ఉన్న మ్యాలెట్ అని. ఇది సగం నిజం కూడా కాదు. ఒకే మ్యాలెట్ తలకు డబుల్ బెండ్ (రెండుచోట్ల వంచిన) షాఫ్ట్ పెడితే ఫేస్ బ్యాలెన్స్‌డ్ అవుతుంది, పొట్టి స్లాంట్ నెక్ (ఏటవాలు మెడ) పెడితే బ్లేడ్ లాగే టో వేలాడుతుంది. ప్లంబర్ నెక్ (పైపు ఎల్బోలా వంగిన మెడ) ఉన్న బ్లేడ్లు సాధారణంగా మధ్యరకంలోకి వస్తాయి. ఫ్లో నెక్ (తలలోంచి వంపుగా సాగే మెడ) ఉన్నవి, హీల్ (ఆటగాడి వైపు కొస) దగ్గర షాఫ్ట్ దిగినవి బాగా వేలాడతాయి. ఆన్‌లైన్‌లో కొనేవాళ్లు ఫొటోలో తల అందం కాదు, మెడ చూడాలి.

ఇక స్ట్రోక్ సంగతి. పట్టర్ షాఫ్ట్ నిట్టనిలువుగా ఉండదు, నేలతో సుమారు 70 డిగ్రీల కోణంలో వాలి ఉంటుంది. నిలువుకు కనీసం 10 డిగ్రీలు వాలి తీరాలని నిబంధనలే చెబుతున్నాయి. వాలిన కర్రను భుజాలతో ఊపితే తల నేల మీద గీసే దారి కొంచెం వంపు తిరగక తప్పదు. భుజాల నుంచి తల దాకా 50 అంగుళాలనుకుని లెక్కవేస్తే, 12 అంగుళాలు వెనక్కి తీసినప్పుడు తల గీతకు (బంతి నుంచి గురి దాకా ఊహించుకునే సూటి గీతకు) అర అంగుళం లోపలికి, అంటే మనవైపుకి, వస్తుంది. ముఖం కూడా ఆ వంపుతోపాటే దాదాపు 5 డిగ్రీలు తెరుచుకుంటుంది, అంటే గురికి బయటివైపు తిరుగుతుంది. తలుపు తెరిచి మూసినట్టే, ఇందులో తప్పేమీ లేదు. గీత మీదే వెనక్కి, గీత మీదే ముందుకు కొట్టాలని పట్టుబట్టేవాళ్లు మణికట్లతో ముఖాన్ని బలవంతంగా మూసి ఉంచాల్సి వస్తుంది. మామూలు రోజున అది సాగుతుంది, పందెం ఉన్న రోజున చేతులు మాట వినవు.

అలాగని అందరి వంపూ ఒకటి కాదు. బాగా ముందుకు వంగి, చేతులు భుజాల కిందే వేలాడదీసేవాళ్ల స్ట్రోక్ గీతకు దగ్గరగా ఉంటుంది. కాస్త నిటారుగా నిలబడి, బంతికి దూరంగా ఉండి, ముంజేతులు తిప్పేవాళ్లకు వంపు ఎక్కువ. మీది ఏ రకమో ఊహించుకోవద్దు, ఫోన్‌లో తీసి చూసుకోండి. హాల్లో రెండు టైల్స్ మధ్య గీత ఉంటుంది, అది చాలు. అపార్ట్‌మెంటు టెర్రస్ అయితే మేస్త్రీలు గీత కొట్టే రంగుదారంతో ఒక గీత కొట్టుకోండి. ఫోన్‌ను గీతకు సూటిగా పైన, నేల వైపు చూసేట్టు కుర్చీకో నిచ్చెనకో కట్టి స్లోమోషన్‌లో తీయాలి. పక్కకు ఒరిగి తీస్తే నేరు స్ట్రోక్ కూడా వంపుగా కనిపిస్తుంది. 10 అడుగుల దూరంలో గ్లాసు పెట్టుకుని తప్పనిసరిగా బంతితోనే కొట్టండి. బంతి లేకుండా ఊపితే అందరి స్ట్రోకూ అందంగానే ఉంటుంది. వీడియోలో బ్యాక్‌స్ట్రోక్ చివర తల గీతకు ఎంత లోపల ఉందో చూడండి. అడుగు వెనక్కి తీసినప్పుడు పావు అంగుళం లోపు అయితే దాదాపు నేరు. అర అంగుళం నుంచి ముప్పావు దాకా మామూలు వంపు. అంగుళం దాటితే పెద్ద వంపు. ఇవి మోటు హద్దులే, కానీ కొనుగోలుకు సరిపోతాయి.

నేరుగా ఉన్నవాళ్లు ఫేస్ బ్యాలెన్స్‌డ్‌తో, వంపు పెరిగేకొద్దీ టో హ్యాంగ్ ఎక్కువున్న వాటితో మొదలుపెట్టాలన్నది ఎప్పటినుంచో ఉన్న పద్ధతి. మొదలుపెట్టడానికి మంచిదే. అక్కడే ఆగిపోతే మాత్రం డబ్బు దండగ కావచ్చు. ఎందుకంటే పట్టర్ మారితే స్ట్రోక్ కూడా కొంత మారుతుంది, పాత పట్టర్‌కు అలవాటుపడిన చేతులు దాని లోపాన్ని సర్దుకుంటూ ఉంటాయి. కాబట్టి వంపు కన్నా గట్టి సాక్ష్యం ఒకటుంది: బంతి ఎటు తప్పుతోంది అన్నది.

పట్టింగ్‌లో బంతి ఏ దిశలో బయల్దేరుతుందన్నది నూటికి 80 పాళ్లకు పైగా తగిలే క్షణంలో ముఖం ఎటు చూస్తోందన్నదాని మీదే ఉంటుంది. స్ట్రోక్ దారి వాటా తక్కువ. బంతి ఒక్క డిగ్రీ పక్కకు బయల్దేరితే 10 అడుగుల దగ్గర రెండంగుళాల పైన తప్పుతుంది. హోల్ వెడల్పు 4.25 అంగుళాలు, అందులో సగం అంతే. అంటే 10 అడుగుల పట్‌లో ఒక్క డిగ్రీ తేడాకే బంతి మధ్యభాగం హోల్ అంచుకు చేరుతుంది. 20 అడుగులైతే నాలుగంగుళాలు దాటి పక్కన పోతుంది.

ఆ తప్పు పట్టర్‌దా, చూపుదా, తగిలే చోటుదా అని విడదీయాలి. ఈ మూడూ కలగాపులగం చేసి పట్టర్ మార్చేవాళ్లే ఎక్కువ. ముందు చూపు. 6 అడుగుల దూరంలో గురి పెట్టి బంతి ముందు కదలకుండా నిలబడండి. తోడున్నవాళ్లు బంతి తీసేసి, వడ్రంగి మూలమట్టం ఒక అంచును పట్టర్ ముఖానికి ఆనించాలి. రెండో అంచు ఎటు చూపిస్తుందో అదే మీ అసలు గురి. సూటిగా గురిపెట్టామనుకున్నవాళ్లలో చాలామంది ముఖం హోల్ అంచుకు బయట చూస్తూ ఉంటుంది. దీనికి మందు టో హ్యాంగ్ కాదు. తల మీద గీత ఉన్నదీ లేనిదీ, మెడలో ఆఫ్‌సెట్ (షాఫ్ట్ కన్నా ముఖం వెనక్కి ఉండే దూరం) ఎక్కువున్నదీ తక్కువున్నదీ మార్చి చూస్తే గురి మారుతుంది. ఒకరికి పొడవాటి గీత సాయం చేస్తుంది, ఇంకొకరికి చుక్కే మేలు. దీనికి సూత్రం లేదు, మూలమట్టంతో కొలవడమే.

తర్వాత తగిలే చోటు. క్యారమ్స్ పౌడర్ ముఖం మీద పల్చగా రాసి పది బంతులు కొట్టండి. మచ్చలన్నీ రూపాయి బిళ్లంత చోటులో పడితే సరే. టో వైపు పోతుంటే తగిలినప్పుడు ముఖం తెరుచుకుని బంతి కుడికి, పొట్టిగా పోతుంది. అది ముఖం కోణం తప్పులాగే కనిపించి మోసం చేస్తుంది. తగిలే చోటు చెదిరేవాళ్లకు బరువు అంచులకు పంచిన మ్యాలెట్ మేలు, మెడ ఏదైనా సరే. ఒక జాగ్రత్త: పౌడర్ ప్రాక్టీసులోనే. రౌండ్‌లో ముఖానికి ఏదీ రాయకూడదు.

చూపు, తగిలే చోటు సరిగా ఉండి కూడా బంతి ఒకే వైపు పోతుంటే, అప్పుడు పట్టర్‌ను అనుమానించాలి. ప్రాక్టీసు గ్రీన్ మీద వాలు లేని చోటు వెతికి, బంతికి అడుగున్నర ముందు రెండు టీలు (బంతిని నిలబెట్టే చిన్న పుల్లలు) గుచ్చండి. వాటి మధ్య బంతికి అటూ ఇటూ పెన్సిల్ మందం ఖాళీ ఉంటే చాలు. పది బంతులు కొట్టి, ఎన్ని హోల్‌లో పడ్డాయో వదిలేసి, ఏ టీకి తగిలాయో రాసుకోండి. కుడిచేతి వాటం వాళ్లు కుడి టీకే కొడుతుంటే ముఖం సమయానికి మూసుకోవడం లేదు. వాళ్లు ఇప్పుడున్నదానికన్నా తక్కువ టో హ్యాంగ్ ఉన్నది ప్రయత్నించాలి. ఎడమ టీకే తగులుతుంటే ముఖం ముందే మూసుకుంటోంది, టో హ్యాంగ్ పెంచి చూడాలి. ఎడమచేతి వాటం వాళ్లకు ఇదంతా తిరగేసి. రెండు వైపులా సమానంగా తప్పుతుంటే పట్టర్ మార్చినా లాభం ఉండదు, అది సాధన లోపం. ఒక్క పూట చూసి తేల్చకుండా ఇంకో రోజు కూడా ఇదే చేయండి, పది బంతుల్లో అదృష్టానికీ వాటా ఉంటుంది.

కొనకుండా సరిచేసుకునే మార్గాలు ముందు చూడండి. వంపు స్ట్రోక్ వాళ్లు బంతిని ఎడమకాలి వైపు ఎక్కువ జరిపితే ముఖం మూసుకున్నాక తగులుతుంది, వెనక్కి జరిపితే తెరుచుకుని ఉన్నప్పుడు తగులుతుంది. అరబంతి జరిపితే నయమయ్యే రోగానికి వేలు పోసి పట్టర్ కొంటారు! హీల్ వైపు సీసం టేపు అంటిస్తే టో హ్యాంగ్ కాస్త తగ్గుతుంది, టో వైపు అంటిస్తే పెరుగుతుంది. కానీ 350 గ్రాముల తలకు 10 గ్రాములు అంటిస్తే బరువు కేంద్రం జరిగేది మిల్లీమీటరు పైచిలుకే, అద్భుతాలు ఆశించొద్దు. టేపు రౌండ్‌కు ముందే అంటించాలి, ఆట మధ్యలో తీయడం, పెట్టడం కుదరదు. లావు గ్రిప్ కొందరి మణికట్లను నెమ్మదింపజేస్తుంది, కాబట్టి పట్టర్, గ్రిప్ రెండూ ఒకేసారి మార్చొద్దు.

పొడవు దగ్గర మనవాళ్లు ఎక్కువ నష్టపోతున్నారు. సూట్‌కేసులో వచ్చే పట్టర్ మామూలుగా 34 లేదా 35 అంగుళాలు. ఐదడుగుల ఐదంగుళాల మనిషికి 35 చాలాసార్లు పొడవే. పొడవెక్కువైతే బంతికి దూరంగా నిలబడతారు, టో గాల్లోకి లేస్తుంది, కళ్లు గీతకు బాగా లోపల పడతాయి, వంపు లేనివాళ్లకు కూడా వంపు వస్తుంది. అలాంటివాళ్ల వంపు కొలిచి టో హ్యాంగ్ పట్టర్ అంటగడితే తప్పు మీద తప్పు. అందుకే పొడవు ముందు, స్ట్రోక్ కొలత తర్వాత. పట్టింగ్ భంగిమలో చేతులు వదులుగా వేలాడదీసి, పై చేతి మడమ నుంచి నేలదాకా కొలవాలి, కానీ నిట్టనిలువుగా కాదు, షాఫ్ట్ వాలు వెంట. నిలువున 31 వస్తే వాలు వెంట 33 అవుతుంది. ముక్కు దూలం దగ్గర నుంచి బంతి జారవిడిస్తే అది గీత మీదో, ఒక అంగుళం లోపలో పడాలి.

కోయించేటప్పుడు తెలియాల్సింది మరొకటుంది. అంగుళం కోస్తే స్వింగ్ వెయిట్ (ఊపేటప్పుడు తల ఎంత బరువనిపిస్తుందో చెప్పే కొలత) సుమారు 6 పాయింట్లు పడిపోతుంది, తల తేలికైపోయినట్టు అనిపిస్తుంది. పాయింటుకు 2 గ్రాముల చొప్పున తలకు 12 గ్రాములు కలిపితే పాత బరువు తిరిగి వస్తుంది. అర అంగుళం వెడల్పున్న సీసం టేపు నాలుగంగుళాల ముక్క దాదాపు 2 గ్రాములు. వంటింటి డిజిటల్ కాటా మీద తూచుకోండి. ఆ టేపును మధ్యలో సమంగా అంటించాలి, లేదంటే టో హ్యాంగ్ మారిపోతుంది.

కోసినప్పుడు గ్రిప్ కూడా కొత్తది వేయాలి. ఇక్కడ జరిగే పొరపాటు చాలా చిన్నగా కనిపిస్తుంది. పట్టర్ గ్రిప్ ముందు భాగం బల్లపరుపుగా ఉంటుంది, బొటనవేళ్లు దాని మీద ఆనుతాయి. ఆ పరుపు ముఖానికి సరిగ్గా లంబంగా (90 డిగ్రీల కోణంలో) ఉండాలి. గ్రిప్ ఎక్కించేవాడు రెండు మూడు డిగ్రీలు తిప్పి బిగించాడంటే చేతులు సూటిగా ఉన్నాయనిపిస్తూనే ముఖం పక్కకు చూస్తుంది. డబ్బులిచ్చే ముందు పట్టర్‌ను చేయి చాచి పట్టుకుని గ్రిప్ పరుపు మీంచి ముఖం అంచు దాకా ఒంటికన్నుతో చూడండి. తడి ఆరకముందే చూస్తే తిప్పి సరిచేయొచ్చు.

లై కోణం, అంటే షాఫ్ట్ నేలతో చేసే కోణం, గురించి షాపుల్లో చేసే హడావుడి అంతా అవసరం లేదు. 3 డిగ్రీల లాఫ్ట్ (ముఖం వెనక్కి వాలిన కోణం) ఉన్న పట్టర్ 2 డిగ్రీలు తప్పు లైలో ఉంటే బంతి దిశ మారేది డిగ్రీలో పదో వంతు. నష్టం వేరేచోట ఉంది: టో గాని హీల్ గాని గడ్డికి తగిలి తల తిరగడం, తగిలే చోటు జరగడం. మెత్తని స్టీలు మెడ ఉన్న పట్టర్లను మిషన్ మీద కొద్దిగా వంచొచ్చు. అల్యూమినియం తలలను వంచబోతే పగలొచ్చు, ఆ పని పెట్టుకోవద్దు.

ఇప్పుడు జీరో టార్క్ పట్టర్ల గాలి వీస్తోంది. 2025 యూఎస్ ఓపెన్‌ను ఓక్‌మాంట్‌లో అమెరికా ఆటగాడు జేజే స్పాన్ అలాంటి ల్యాబ్ (L.A.B.) కంపెనీ పట్టర్‌తోనే గెలిచాడు, ఆఖరి హోల్‌లో 64 అడుగుల పట్ కూడా దాంతోనే వేశాడు. బరువు కేంద్రం షాఫ్ట్ గీతతో కలిసేలా చేస్తే ఊపేటప్పుడు ముఖం తనంతట తాను తెరుచుకోదు, మూసుకోదు. కుడికి నెట్టే అలవాటున్నవాళ్లకు ఇది నిజంగా సాయపడొచ్చు. కానీ గురి తప్పుగా ఉంటే అది తప్పు గురినే నమ్మకంగా నిలబెడుతుంది. 2024 మార్చిలో అమెరికా ఆటగాడు స్కాటీ షెఫ్లర్ బ్లేడ్ వదిలి మ్యాలెట్ పట్టగానే ఆర్నాల్డ్ పామర్ టోర్నీ గెలిచాడు, మ్యాలెట్లకు గిరాకీ పెరిగింది. ఆయన మ్యాలెట్‌కు మెడ ఏ రకంది అని అడిగిన కొనుగోలుదారులు మాత్రం తక్కువ. పొడవాటి పట్టర్ కొనేవాళ్లకు ఒక మాట: 2016 జనవరి 1 నుంచి దాన్ని ఛాతీకో పొట్టకో ఆనించి కొట్టడం నిషేధం. పట్టర్ చెల్లుతుంది, ఆనించడం చెల్లదు.

మన తీరం సంగతి కూడా కొంచెం. వానాకాలంలో గడ్డి ఒత్తుగా, తడిగా ఉండి గ్రీన్లు నెమ్మదిస్తాయి. అదే దూరానికి స్ట్రోక్ పెద్దది చేయాలి, పెద్ద స్ట్రోక్‌లో వంపు ఎక్కువ కనిపిస్తుంది. కాబట్టి పాలరాయి నేల మీద పొట్టి స్ట్రోకులతో తేల్చుకున్న కొలతను ఒకసారి గ్రీన్ మీద సరిచూసుకోవాలి. షాపులో కార్పెట్ మీద కొట్టి కొన్న పట్టర్ గ్రీన్ మీద వేరుగా ప్రవర్తించడానికి ఇదొక కారణం. బంతి గడ్డిలో కూరుకుంటుంది కాబట్టి ఇలాంటి గ్రీన్లకు 3, 4 డిగ్రీల లాఫ్ట్ మేలు. ఉప్పుగాలికి కార్బన్ స్టీల్ తలలు వారంలోనే ఎర్రబడతాయి. ఆట అయ్యాక తుడిచి, గుడ్డకు రెండు చుక్కల మిషన్ ఆయిల్ వేసి రుద్దాలి, ముఖం మీద మాత్రం నూనె మిగలకూడదు. చెమటకు జారే రబ్బరు గ్రిప్‌ను సబ్బునీళ్లతో కడగండి, అప్పటికీ జారుతుంటే మార్చేయండి.

చివరిగా క్లబ్బులకు, క్రీడాసామగ్రి దుకాణాలవారికి ఒక విన్నపం. ద్వారకానగర్‌లో క్రికెట్ బ్యాటు పది రకాలు చేతబట్టి, తట్టి చూసి కొనొచ్చు. పట్టర్‌కు ఆ వీలు కల్పించడం పెద్ద ఖర్చేమీ కాదు. ఒక ఫేస్ బ్యాలెన్స్‌డ్, ఒక మధ్యరకం, ఒక బాగా టో హ్యాంగ్ ఉన్నది, మూడు పట్టర్లు, ఒక మూలమట్టం, ఒక గీతదారం ప్రాక్టీసు గ్రీన్ దగ్గర ఉంచితే సభ్యులు, క్యాడీలు, నేర్చుకునే పిల్లలు కొట్టి చూసుకుంటారు. ఆ మూడింటి పొడవు, గ్రిప్, తల బరువు మాత్రం ఒకటే ఉండాలి. లేకపోతే వచ్చిన తేడా మెడ వల్లో, గ్రిప్ వల్లో ఎవరూ తేల్చలేరు.

ఇట్లు,
ఒక గోల్ఫ్ శిక్షకుడు,
విశాఖపట్నం